పాలు లేని చాక్లెట్ కేకులో చెమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?

మా అక్క కొడుక్కి పాలు పడవు. పడవు అంటే కడుపు ఉబ్బరం లాంటిది కాదు, చెంచాడు పెరుగు లోపలికి పోయినా పది నిమిషాల్లో పెదాలు వాచి మెడ మీద దద్దుర్లు లేస్తాయి. వాడి మూడో పుట్టినరోజుకి నల్లగొండలో ఒక బేకరీ నుంచి ఎగ్‌లెస్ చాక్లెట్ కేకు తెచ్చాం. గుడ్డే లేదంటే పాలు కూడా ఉండవేమోనని అనుకున్నాం, కౌంటర్ దగ్గరి అబ్బాయి కూడా "ఏం గాదు మేడం, ప్యూర్ వెజ్" అన్నాడు. పిల్లాడు ఒక ముక్క కూడా పూర్తిగా తినలేదు, ఆ రాత్రంతా ఆస్పత్రిలోనే గడిచింది. తెల్లారి అక్క ఒక్కటే మాట అంది: "ఇంక వీనికి కేకు లేదు, గీకు లేదు. చాలు."

అక్క భయం నాకు అర్థమైంది, కానీ ఆ మాట మాత్రం మింగుడుపడలేదు. మూడేళ్ల పిల్లాడు ఇంకెన్ని పుట్టినరోజులు చేసుకోవాలి! అప్పటి నుంచి ఇంట్లోనే పాలు, వెన్న, పెరుగు లేకుండా ఆలివ్ నూనెతో చాక్లెట్ కేకు చేస్తున్నాను. మొదట్లో చాలా పాడయ్యాయి. పైన పగిలినవి, మధ్యలో కుంగినవి, రెండో రోజుకే రంపపు పొట్టులా రాలినవి. వంటల వీడియోలు చూస్తే ఒకరు వెనిగర్ అంటారు, ఒకరు బేకింగ్ పౌడర్ అంటారు, ఇంకొకరు ఆలివ్ నూనె వేడి చేస్తే విషం అంటారు, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ఎందుకు తెలిశాకే నా కేకు కుదిరింది. కాబట్టి ఇక్కడ కొలతల కంటే కారణాలే ఎక్కువ చెప్తాను.

ముందు మాటల చిక్కు విప్పాలి, ఎందుకంటే మేం మోసపోయింది అక్కడే. ఎగ్‌లెస్ అంటే గుడ్డు లేదని మాత్రమే అర్థం. మన దగ్గర గుడ్డు తీసేసిన కేకుల్లో చాలావాటికి గుడ్డు పని చేసిపెట్టేది పెరుగో, కండెన్స్‌డ్ మిల్కో, పాలపొడో అవుతుంది, అంటే పాలు పడనివాళ్లకి ఎగ్‌లెస్ కేకు మామూలు కేకు కంటే కూడా ప్రమాదం కావచ్చు. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే శాకాహారం అని అర్థం, పాలు మన లెక్కలో శాకాహారమే కాబట్టి ఆ చుక్క మనకేమీ చెప్పదు. వీగన్ అంటే పాలు, గుడ్డు, తేనె ఏవీ ఉండవు. డెయిరీ ఫ్రీ అంటే పాలకు సంబంధించినవి లేవు, గుడ్డు ఉండొచ్చు. గుడ్డు పాల పదార్థం కాదు, రెండూ పక్కపక్కనే అమ్ముతారు కాబట్టి కలిపి అనుకుంటాం, అంతే.

ఇంకో చిక్కు నాన్ డెయిరీ క్రీమ్. బేకరీల్లో కేకు మీద పూసే తెల్లటి క్రీమ్‌లో ఎక్కువ భాగం మొక్కల కొవ్వు, చక్కెర, నీళ్లే కానీ, చాలా రకాల్లో సోడియం కేసినేట్ కలుపుతారు. కేసినేట్ అంటే పాల ప్రోటీన్. పేరులో నాన్ డెయిరీ అని ఉన్నా లోపల పాల ప్రోటీన్ ఉండటం వింతగా అనిపిస్తుంది, ఆ పేరు నమ్మి మోసపోయిన తల్లులు చాలామంది ఉంటారు. డబ్బా వెనక్కి తిప్పి చూడాలి. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసిన్, కేసినేట్, స్కిమ్‌డ్ మిల్క్ పౌడర్, బటర్ మిల్క్ పౌడర్, వీటిలో ఏది కనబడినా పక్కన పెట్టేయడమే. అలర్జీ తెచ్చే పదార్థాల పేర్లు ప్యాకెట్ మీద విడిగా రాయాలని మన దేశంలో ఆహార భద్రతా నిబంధనలు చెప్తున్నాయి, 2020 లేబులింగ్ నిబంధనల్లో ఆ జాబితాలో పాలు కూడా ఉన్నాయి. "కంటెయిన్స్" అన్న మాటతో మొదలయ్యే ఆ చిన్న లైను నేను ఇప్పుడు ఉప్పు ప్యాకెట్ మీద కూడా చదువుతాను. విడిగా అమ్మే బేకరీ సరుకు మీద ఆ లైను దొరకదు, అందుకే విడి సరుకు వాడికి పెట్టం.

పాలు పడకపోవడంలో కూడా రెండు వేరు వేరు సంగతులున్నాయి. ఒకటి లాక్టోజ్ అరగకపోవడం, పాలలోని చక్కెరను విడగొట్టే ఎంజైమ్ పేగులో తగ్గిపోతే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి, పెద్దవాళ్లలో ఇది మామూలే. వీళ్లలో చాలామందికి కొంచెం పెరుగు, నెయ్యి ఇబ్బంది పెట్టవు. రెండోది పాల ప్రోటీన్‌కి అలర్జీ. ఇందులో శరీరం ఆ ప్రోటీన్‌ని శత్రువులా చూస్తుంది, కొంచెమైనా చాలు. నెయ్యిలో కూడా పాల ప్రోటీన్ జాడలు మిగిలి ఉంటాయి కాబట్టి మా అమ్మ "నెయ్యి అయితే ఏం గాదులే బిడ్డా, కాచిందే గదా" అన్నప్పుడు అక్క గట్టిగా వద్దంది, అక్కదే కరెక్టు. ఇలాంటి పిల్లలు చాలామంది పెద్దయ్యాక ఈ అలర్జీ నుంచి బయటపడతారు, కానీ ఆ పరీక్ష డాక్టర్ దగ్గరే జరగాలి, ఇంట్లో కేకుతో కాదు.

ఇక అసలు విషయం. కేకు మెత్తగా, నోట్లో చెమ్మగా ఉండాలంటే వెన్న, పాలు ఉండాల్సిందేనని అందరూ అనుకుంటారు. పాలు అంటే ఏంటో విడదీసి చూస్తే ఆ నమ్మకం నిలబడదు. ఆవు పాలలో దాదాపు 87 శాతం నీళ్లే, మిగిలింది కొంచెం కొవ్వు, కొంచెం ప్రోటీన్, కొంచెం చక్కెర. వెన్నలో 80 శాతం పైన కొవ్వు, 16 శాతం దాకా నీళ్లు, మిగిలింది పాల ఘనపదార్థం. అంటే కేకులోకి పాలు, వెన్న తెచ్చేవి నీళ్లు, కొవ్వు, పైన కొంచెం రంగు, కొంచెం రుచి. నీళ్లు మన ఇంట్లోనే ఉన్నాయి. కొవ్వుకి నూనె ఉంది. రంగు, రుచి సంగతి చాక్లెట్ చూసుకుంటుంది, కోకో ఘాటు ముందు పాల రుచి ఎలాగూ నిలబడదు. వెనీలా కేకులో వెన్న లేకపోతే లోటు తెలుస్తుంది, చాక్లెట్ కేకులో తెలియదు. పాలు లేకుండా మొదటిసారి కేకు చేసేవాళ్లు చాక్లెట్‌తోనే మొదలుపెట్టమని నేను చెప్పేది ఇందుకే.

ఇది కొత్త సంగతి కూడా కాదు. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో పాలు, గుడ్లు, వెన్న కొనలేని ఇళ్లలో మైదా, కోకో, చక్కెర, నూనె, నీళ్లు, సోడా, వెనిగర్‌తో కేకు చేసుకున్నారు, ఇప్పుడు వీగన్ కేకు అని చెప్పే చాలా కొలతల వెనక ఉన్నది ఆ పేద ఇళ్ల కేకే. ఆలివ్ చెట్లున్న ఇటలీ, స్పెయిన్ లాంటి చోట్ల మనం పల్లీ నూనె వాడినట్టే వాళ్లు కేకులో ఆలివ్ నూనె పోయడం ఎప్పటి నుంచో ఉంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. నూనె ఎక్కువ పోస్తే కేకు చెమ్మగా వస్తుందనుకుంటారు. నూనె తడి కాదు, నూనెలో నీటి చుక్క ఉండదు. కేకులో నిజమైన చెమ్మ అంటే నీళ్లే, ఆ నీళ్లను పట్టి ఉంచేది చక్కెర, ఉబ్బిన పిండి. మరి నూనె ఏం చేస్తుంది? మైదాలో ప్రోటీన్ ఉంటుంది, నీళ్లు తగిలి కలిపితే అది సాగే జిగురులా అల్లుకుంటుంది, పరోటా పిండి సాగేది దానివల్లే. నూనె ఆ పిండి రేణువులకి పూతలా పట్టి ఆ అల్లికను కుదరనివ్వదు, కాబట్టి కేకు సాగకుండా తుంపితే తునిగేలా వస్తుంది. ఇంకో పని కూడా చేస్తుంది, అదే మన నాలుకకి తెలిసేది: వెన్న చల్లబడితే గడ్డకడుతుంది, నూనె గది వేడిలో ద్రవంగానే ఉంటుంది. చల్లారిన వెన్న కేకు నోట్లో కొంచెం బిరుసుగా తగులుతుంది, నూనె కేకు అదే వేడిలో మెత్తగా జారుతుంది. లోపల నీళ్లు రెండింటిలో ఒకేలా ఉన్నా, నూనె కేకే ఎక్కువ చెమ్మగా ఉందని నాలుక చెప్తుంది.

చెమ్మ వేరు, నూనె వేరు అని అర్థమయ్యాక కొలతలు వాటంతటవే చక్కబడతాయి. వెన్న చెప్పిన చోట నూనె వేస్తున్నారనుకోండి, 100 గ్రాముల వెన్నకి 80 గ్రాముల నూనె చాలు, ఎందుకంటే వెన్నలో ఉన్న కొవ్వు అంతే. పోయిన ఆ నీళ్లను నీళ్లుగానే తిరిగి ఇవ్వాలి. నేను మొదట్లో 100కి 100 నూనె పోసి నీళ్లు కలపలేదు, కేకు అడుగున నూనె దిగి పళ్లెం మెరిసింది, ముక్క మాత్రం పొడిగా ఉంది. ఒకే ముక్కలో జిడ్డూ పొడీ రెండూ ఉన్నాయంటే ఇదే కారణం.

చక్కెర గురించి కూడా ఇక్కడే చెప్పాలి. షుగర్ మంచిది కాదని చక్కెర సగానికి తగ్గించేవాళ్లుంటారు, ఉద్దేశం మంచిదే కానీ కేకులో చక్కెర తీపి కోసం మాత్రమే లేదు, నీటిని పట్టి ఉంచేది అదే. 200 గ్రాములు చెప్పిన చోట 170 దాకా తగ్గిస్తే ఏం కాదు, 100 చేస్తే మాత్రం మీరు ఎంత నూనె పోసినా రెండో రోజుకి ఎండిపోతుంది. సగం చక్కెర బదులు మెత్తగా తురిమిన బెల్లం వేస్తే చెమ్మ ఇంకా బాగా నిలుస్తుంది, చాక్లెట్‌కి ఆ రుచి కూడా బాగా కలుస్తుంది. బెల్లంలో నలకలుంటాయి, వేడి నీళ్లలో కరిగించి వడగట్టి వాడాలి.

ఆలివ్ నూనె కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన చిన్న పట్టణాల్లో ఆలివ్ ఆయిల్ అని అడిగితే మెడికల్ షాపులో చిన్న డబ్బా ఇస్తారు, అది పిల్లల ఒంటికి రాసి మర్దన చేసేది, వంటకి కాదు. తినడానికి పనికొచ్చేదని సీసా మీద స్పష్టంగా రాసి ఉండాలి. సూపర్ మార్కెట్లో మూడు నాలుగు రకాలు కనబడతాయి. ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే కాయలను నూరి రసాయనాలు లేకుండా తీసిన మొదటి నూనె, ఆకుపచ్చ వాసన, గొంతులో చిన్న ఘాటు ఉంటాయి. ప్యూర్, క్లాసిక్ అని అమ్మేవి శుద్ధి చేసిన నూనెలో కొంచెం వర్జిన్ నూనె కలిపినవి. లైట్ అంటే వాసన, రంగు తేలిక అని అర్థం, కొవ్వు తక్కువని కాదు, ఏ నూనె అయినా గ్రాముకి 9 కేలరీలే. పోమస్ అంటే నూనె తీశాక మిగిలిన పిప్పి నుంచి సాల్వెంట్‌తో లాగి శుద్ధి చేసింది. కేకుకి నా ఓటు క్లాసిక్‌కి, లేదంటే మరీ చేదు లేని ఎక్స్‌ట్రా వర్జిన్‌కి. చాక్లెట్‌లో కూడా చేదే ఉంది కాబట్టి ఆ రెండు చేదులు ఒకదాన్నొకటి తినేయవు, కలుస్తాయి, తిన్న తర్వాత గొంతులో పచ్చి కాయ వాసన లాంటిది సన్నగా మిగులుతుంది, అది నాకు చాలా ఇష్టం.

వేడి చేస్తే విషం అన్న మాటకి జవాబు. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె పొగ వచ్చే వేడి దాదాపు 190 నుంచి 210 డిగ్రీల సెల్సియస్. మనం ఓవెన్ పెట్టేది 175 దగ్గర. పైగా అది ఓవెన్ గాలి వేడి, కేకు లోపలి వేడి కాదు. పిండిలో నీళ్లు ఉన్నంతసేపు లోపల 100 డిగ్రీలు దాటదు, కేకు ఉడికిపోయిందనడానికి గుర్తే మధ్యలో 96, 98 డిగ్రీలు. బజ్జీల మూకుడులో నూనె పడే కష్టంతో పోలిస్తే ఇది ఎండలో పెట్టినట్టే.

మరి ఆలివ్ నూనె ఖరీదు? ఖరీదే. పాలమూరు జిల్లాల్లో పల్లీ పండిస్తారు, అక్కావాళ్లు ఉండే వనపర్తి వైపు గానుగ పల్లీ నూనె దొరుకుతుంది, దానితో కూడా చేశాను. కేకు నిర్మాణంలో ఏ తేడా లేదు, ఎందుకంటే కొవ్వు పని కొవ్వు చేసింది, కానీ గానుగ పల్లీ నూనె వాసన గట్టిది, తినేటప్పుడు చాక్లెట్ పట్టిన పల్లీ పట్టీలా అనిపించింది. నాకు నచ్చింది, అక్కకి నచ్చలేదు. పల్లీ అలర్జీ ఉన్నవాళ్లకి గానుగ నూనె పెట్టకూడదు, అందులో పల్లీ ప్రోటీన్ మిగిలి ఉంటుంది. వాసన లేని పొద్దుతిరుగుడు నూనె కూడా పనికొస్తుంది, రుచిలో ఏమీ కలపదు, ఏమీ తీయదు. కొబ్బరి నూనె చలికాలంలో గడ్డకడుతుంది కాబట్టి దాంతో చేస్తే నూనె కేకు లాభం సగం పోతుంది.

మన ఎండలకి నూనె కేకు మరో రకంగా కూడా సరిపోతుంది, ఇది వంటల పుస్తకాల్లో ఎక్కడా చూడలేదు. వెన్న కేకు మొదటి మెట్టు వెన్న, చక్కెర కలిపి గిలకొట్టి గాలి ఎక్కించడం, దానికి వెన్న 20 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి, గట్టిగా కాదు, కరిగీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ వంటింట్లో ఆ వెన్న గిన్నెలో పెట్టేలోపే నీరైపోతుంది, కరిగిన వెన్నలో గాలి నిలవదు, కేకు బరువుగా దిగుతుంది. నూనె కేకుకి ఆ మెట్టే లేదు. గాలి సోడా నుంచి వస్తుంది, చేతి నుంచి కాదు. బయట 43 డిగ్రీలున్నా డిసెంబర్‌లో వచ్చినట్టే వస్తుంది.

ఆ సోడా దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు. బజ్జీల్లో వేసే తినే సోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కాదు. తినే సోడా క్షారం, దానికి పులుపు తగిలితే బుడగలొస్తాయి, పులుపు లేకుండా వేడి ఒక్కటే తగిలినా కొంత గ్యాస్ వస్తుంది కానీ వెనక సబ్బు లాంటి రుచి మిగులుతుంది. బేకింగ్ పౌడర్‌లో సోడా, దానికి కావలసిన పులుపు పొడి, కొంచెం పిండి ముందే కలిపి ఉంటాయి, బలం తక్కువ, తినే సోడా ఒక చెంచా చేసే పనికి అది మూడు చెంచాల పైన కావాలి. పెరుగు వేసే కేకులో సోడాకి పులుపు పెరుగు ఇస్తుంది, మనం పెరుగు తీసేశాం కాబట్టి పులుపు వేరేచోట వెతకాలి. వెనిగర్ వేయమనేది అందుకే, రుచికి కాదు. నల్లగొండ జిల్లాలో ఉండి వెనిగర్ కొనడం ఎందుకు, నకిరేకల్‌లో నిమ్మకాయలకి మార్కెట్టే ఉంది. ఒక పెద్ద చెంచా నిమ్మరసం ఒక పెద్ద చెంచా వెనిగర్‌తో దాదాపు సమానం. బత్తాయి రసం మాత్రం ఈ పనికి సరిపోదు, మన బత్తాయిలో పులుపు చాలా తక్కువ. బత్తాయికి వేరే పని ఉంది, చివర్లో చెప్తాను.

కోకో పొడి కూడా పులుపే, మామూలుది అయితే. ఇందులో రెండు రకాలు. సహజమైన కోకో లేత గోధుమ రంగులో, పుల్లటి ఘాటుతో ఉంటుంది. రెండోది క్షారంతో శుద్ధి చేసింది, రంగు ముదురు, ఘాటు తక్కువ. దీన్ని డచ్ ప్రాసెస్ అంటారు, ఎందుకంటే ఆ పద్ధతి తెచ్చింది నెదర్లాండ్స్‌లోని వాన్ హౌటెన్ కుటుంబం, 1828లో కోకో ముద్ద నుంచి కొవ్వు పిండే ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నది కూడా వాళ్లే. ప్యాకెట్ మీద ఆల్కలైజ్‌డ్ అనో, అసిడిటీ రెగ్యులేటర్ అనో ఉంటే అది రెండో రకం, దానికి పులుపు లేదు కాబట్టి నిమ్మరసం మర్చిపోతే కేకు సరిగ్గా పొంగదు. డ్రింకింగ్ చాక్లెట్ ఈ రెండూ కాదు, అందులో సగానికి పైన చక్కెర ఉంటుంది, కొన్నిటిలో పాలపొడి కూడా ఉంటుంది.

కోకో పొడి నీళ్లను బాగా పీల్చుకుంటుంది, అదే చాక్లెట్ కేకులు ఎండిపోవడానికి పెద్ద కారణం. మైదా తీసి కోకో పెంచితే చాక్లెట్ ఎక్కువవుతుందనుకుంటాం, నిజంగా అయ్యేది కేకు పొడిబారడం. దీనికి మందు వేడి నీళ్లు. కోకోలో మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు వదిలేస్తే అది ముందే కడుపునిండా తాగేస్తుంది, తర్వాత పిండిలో నీళ్లు లాక్కోదు. ఆ వేడికి వాసన కూడా విచ్చుకుంటుంది. పోసిన క్షణంలో వంటిల్లంతా వచ్చే ఆ వాసన కోసం మా వాడు స్టూల్ ఎక్కి గిన్నె మీదికి వంగుతాడు.

ఇప్పుడు నేను చేసే తీరు చెప్తాను. గ్లాసుల కొలత వద్దు, ఇంటికో గ్లాసు ఉంటుంది, చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొనుక్కోండి. 40 గ్రాముల కోకోలో 240 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసి ఉండలు లేకుండా కలిపి పక్కన పెడతాను. కాఫీ తాగేవాళ్లయితే ఆ నీళ్లలో ఒక చెంచా కాఫీ పొడి, కాఫీ రుచి రాదు, చాక్లెట్ లోతు పెరుగుతుంది, పిల్లలకి అయితే వద్దు. వేరే గిన్నెలో 190 గ్రాముల మైదా, ఒక చెంచా తినే సోడా, అర చెంచా ఉప్పు కలిపి రెండుసార్లు జల్లిస్తాను. ఇక్కడ చెంచా అంటే 5 మిల్లీలీటర్ల టీ చెంచా, అంచుకి సమంగా గీసి తీసింది. సోడా ఉండ ఒకటి మిగిలితే అది తగిలిన ముద్ద ఉమ్మేయాల్సిందే. కోకో నీళ్లు గోరువెచ్చగా అయ్యాక అందులో 190 గ్రాముల చక్కెర, 90 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, ఒక చెంచా వెనీలా వేసి విస్క్‌తో రెండు నిమిషాలు బాగా కలుపుతాను. పాలు, గుడ్డు లేవు కాబట్టి నూనె, నీళ్లు కలిసి నిలబడటానికి సాయం తక్కువ, ఆ రెండు నిమిషాలు తగ్గించకూడదు. పైన నూనె కళ్లు కళ్లుగా తేలడం ఆగి, మొత్తం కరిగిన చాక్లెట్‌లా నిగనిగలాడాలి. తర్వాత పొడి మైదా పోసి, చివర్న ఒక పెద్ద చెంచా నిమ్మరసం పోసి, పిండి కనిపించకుండా పోయేదాకా మాత్రమే కలపాలి. నిమ్మరసం పడగానే నల్లటి పిండిలో లేత రంగు చారలు లేచి, గిన్నె అంచున చిన్న చిన్న బుడగలు టపటప పగులుతాయి. ఆ చప్పుడు వినబడిందంటే ఇంక ఆగొద్దు, వెంటనే అడుగున కాగితం వేసిన ఎనిమిది అంగుళాల టిన్నులో పోసి, ముందే వేడెక్కి ఉన్న ఓవెన్లో పెట్టేయాలి. ఫోన్ మోగినా తర్వాత ఎత్తండి. ఆ గ్యాస్ ఒక్కసారే వస్తుంది.

పిండి దోశ పిండి కంటే పల్చగా కనబడుతుంది, అయ్యో నీళ్లెక్కువయ్యాయని టెన్షన్ పడి మైదా కలపకండి. ఆ పల్చదనమే రేపటి చెమ్మ.

175 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ తక్కువైతే ఓవెన్ వేడెక్కడానికే ఆలస్యమవుతుంది, అప్పుడు గడియారం కంటే పుల్లని నమ్మాలి. గుచ్చిన పుల్లకి తడి పిండి అంటితే ఇంకా కాలేదు, రెండు మూడు మెత్తటి పలుకులు అంటితే సరిగ్గా అయింది, ఏమీ అంటకుండా శుభ్రంగా వస్తే రెండు మూడు నిమిషాలు ఆలస్యమైనట్టే. పుల్ల శుభ్రంగా రావాలని చెప్పే మాట వల్ల ఎన్ని ఇళ్లలో కేకులు ఎండిపోతున్నాయో! ఇన్ని లెక్కలు వేసి పట్టిన నీళ్లన్నీ చివరి ఐదు నిమిషాల్లో ఆవిరైపోతాయి. చెమ్మకి అన్నిటికంటే పెద్ద శత్రువు ఎక్కువసేపు ఓవెన్లో ఉంచడమే, నూనె ఏదైనా సరే.

ఓవెన్ లేకపోతే మందపాటి పాత గిన్నెలో ఉప్పో ఇసుకో పరిచి, స్టాండ్ పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేసి, టిన్ను లోపల దించి సన్న మంట మీద 45 నిమిషాల దాకా. కుక్కర్ వాడితే గ్యాస్కెట్, విజిల్ తీసేయాలి. ఇందులో పైభాగం ఓవెన్లో లాగా గట్టిపడదు, లోపల మాత్రం ఇంకా చెమ్మగా ఉంటుంది.

మధ్యలో కుంగితే సోడా ఎక్కువైంది, లేదా సగంలో తలుపు తీసి చూశారు. అడుగున జిగటగా ఒక పొర కడితే పిండిని ఎక్కువసేపు కలిపారు, లేదా కలిపి చాలాసేపు బయట ఉంచారు. మైదా వద్దనుకునేవాళ్లు సగం గోధుమ పిండి వేసుకోవచ్చు, తవుడు నీళ్లు పీలుస్తుంది కాబట్టి రెండు మూడు పెద్ద చెంచాల నీళ్లు పెంచాలి. జొన్న పిండి నాలుగో వంతు దాకా బాగుంటుంది, అంతకు మించితే పట్టు లేక రాలిపోతుంది, జొన్నలో అల్లుకునే ప్రోటీన్ లేదు, రొట్టె చేసే చేతులకి ఈ సంగతి ముందే తెలుసు. గుడ్డు పడేవాళ్లు రెండు గుడ్లు వేసి నీళ్లు 80 మిల్లీలీటర్లు తగ్గించుకుంటే కేకు ఇంకాస్త ఎత్తుగా, గట్టిగా నిలబడుతుంది.

పైన ఏం పూయాలి? డార్క్ చాక్లెట్‌లో కూడా కొన్నిటిలో పాలు కలుస్తాయి కాబట్టి మళ్లీ లేబుల్ చదవాల్సిందే. పాలు లేనిది దొరికితే చిక్కటి కొబ్బరి పాలు వేడి చేసి సమానంగా చాక్లెట్ వేసి కరిగిస్తే మంచి పూత వస్తుంది, పేరులో పాలు ఉన్నా కొబ్బరి పాలు పాలు కావు, ఆవుకీ గేదెకీ దానితో సంబంధం లేదు. కానీ కోకో కొవ్వు 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మేలో ఆ పూత పళ్లెంలోకి జారిపోతుంది. అందుకని ఎండాకాలంలో బత్తాయి వాడతాను. పిండిలోనే ఒక బత్తాయి పైతొక్క తురుము, లోపలి తెల్లటి భాగం తగలకుండా, నూనెలో ముందే నలిపి కలుపుతాను. ఆ తొక్కలోని వాసన నూనెలో కరిగేదే, నీళ్లలో కరగదు, అందుకే నూనె కేకులో అంత బాగా పట్టుకుంటుంది. పైన పొడి చక్కెరలో రెండు చెంచాల బత్తాయి రసం కలిపి జారుగా పోస్తే గంటలో తెల్లగా ఆరిపోతుంది.

కేకుని ఆ రోజే కోయకుండా ఆగగలిగితే ఆగండి. చల్లారాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే మధ్యలోని నీళ్లు అంచులకి పాకుతాయి, రెండో రోజు అంచు ముక్క కూడా మధ్య ముక్కలాగే ఉంటుంది. ఫ్రిజ్‌లో పిండి తొందరగా బిగుసుకుంటుంది కాబట్టి రెండు రోజుల దాకా బయటే నయం, వర్షాకాలంలో, మరీ ఎండల్లో మాత్రం ఒక రోజు చాలు. ఆ పైన ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు అరగంట బయట ఉంచాలి. వెన్న కేకు అయితే ఆ అరగంటా కూడా చాలదు.

పోయిన పుట్టినరోజుకి వనపర్తికి డబ్బాలో పెట్టుకొని పోయాను. అక్క ముందు తను ఒక ముక్క తిని, వేళ్ల మధ్య పలుకును నలిపి చూసి, "పాలు ఎయ్యలే? నిజంగనే ఎయ్యలే?" అని రెండుసార్లు అడిగి అప్పుడు కత్తి పిల్లాడి చేతికిచ్చింది. బడికి పంపిన డబ్బా మూత మీద మాత్రం మార్కర్‌తో తనే రాసింది: పాలు లేవు, గుడ్డు లేదు, గోధుమ ఉంది, నిమ్మ ఉంది. వాడి క్లాసులో ఇంకో పాపకి గోధుమ పడదట.